నాపరాయి మీదుగా 86 మీటర్లు

నేను దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. గుంటూరులో ముప్పై ఏళ్లుగా ఇదే పని. అమ్మకం, తాకట్టు, పంపకం, వీలునామా, ఏదైనా సరే చివరికి హద్దుల దగ్గరికి రావాల్సిందే. తూర్పున ఫలానా వారి గోడ, పడమర నడక బాట, ఉత్తరాన మునిసిపల్ కాలవ. ఒక్క అడుగు తేడా వస్తే అన్నదమ్ములు పదేళ్లు మాట్లాడుకోరు. అందుకని కొలత అంటే నాకు భయమూ ఉంది, గౌరవమూ ఉంది.

2024 అక్టోబరు 16, బుధవారం. మా సందు చివర ఎన్నాళ్లుగానో మూసి ఉన్న షట్టరు లేచింది. అంతకుముందు అందులో పురుగుమందుల కొట్టు ఉండేది, ఇప్పుడు మద్యం షాపు వచ్చింది. మధ్యాహ్నానికల్లా అట్టపెట్టెలు దిగాయి, సాయంత్రానికి బండ్లు సందు మొదలు దాకా నిలబడ్డాయి. రాత్రి ఏడున్నరకి ఐదుగురు ఆడవాళ్లు మా అరుగు దగ్గరికి వచ్చారు. ముందున్నది బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. ఇంకా చేతికి పసుపు మరక ఉంది.

"అన్నయ్యా, రేపు పొద్దున పిల్లలు ఆ గుంపులోంచి నడిచి రావాలంట. ఏదో ఒకటి రాసిపెట్టు."

"ఎవరికి రాయమంటావమ్మా?"

"ఎవరికి రాయాలో నీకే తెలవాల."

నిజానికి నాకూ సరిగ్గా తెలియదు. ఆ రాత్రి మా అబ్బాయి ఫోనులో ఎక్సైజు నిబంధనలు తీసిపెట్టి పడుకున్నాడు. నేను రెండింటి దాకా చదివాను.

చదివేకొద్దీ ముందు అర్థమైంది తేదీల సంగతి. ఆ ఏడాది కొత్త మద్యం విధానంలో రాష్ట్రం మొత్తానికి 3,396 షాపులు నోటిఫై చేశారు. దరఖాస్తుకు 2 లక్షలు, తిరిగి ఇవ్వరు. అయినా 89,882 దరఖాస్తులు పడ్డాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే దాదాపు 1,800 కోట్లు. జిల్లాల్లో కలెక్టర్ల సమక్షంలో లాటరీ తీసింది అక్టోబరు 14, సోమవారం. షాపులు తెరిచింది బుధవారం. లాటరీ తగిలినవాళ్లు తమకు వచ్చిన ప్రాంతంలో గది వెతుక్కుని, అద్దె మాట్లాడుకుని, సరుకు దింపుకోవడానికి ఉన్నది నడుమ ఒక్క మంగళవారం. ఆ మంగళవారం మా సందులో ఎవరినైనా అడిగారా అంటే, అడగలేదు. అడగాలని నిబంధన కూడా లేదు. నిబంధనలన్నీ ఓపిగ్గా చదివాను. ఇరుగుపొరుగు అనే మాట నాకు ఎక్కడా కనపడలేదు.

కనపడింది వంద మీటర్లు.

బడికి, గుడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపల షాపు పెట్టకూడదు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ నాలాంటివాడికి వెంటనే వచ్చే అనుమానం, ఎక్కడినుంచి ఎక్కడికి? దానికీ జవాబు రాసిపెట్టారు. షాపు ద్వారం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారి వెంబడి, బడి ప్రహరీకి ఉన్న దగ్గరి గేటు మధ్య దాకా. ప్రహరీ లేకపోతే దగ్గరి గుమ్మం దాకా. ఈ వాక్యం రాసినవాళ్లెవరో పని తెలిసినవాళ్లు. పటం మీద స్కేలు పెట్టి గీత గియ్యమనలేదు, కారు తిరిగే రోడ్డు కొలవమనలేదు. నడిచే మనిషిని కొలమానం చేశారు. ఆ ఒక్క మాట పట్టుకునే తర్వాత మేం నిలబడగలిగాం.

అయితే బడి అంటే ఏది బడి, గుడి అంటే ఏది గుడి అన్నది చదివాక గుండె జారింది. మా సందులో వేపచెట్టు కింద పోలేరమ్మ రాయి ఉంది. ఆషాఢంలో పేట పేటంతా అక్కడే పొంగళ్లు పెడుతుంది. కానీ గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదై ఉండాలి, మసీదైతే వక్ఫ్ బోర్డులో ఉండాలి. పోలేరమ్మకి రిజిస్ట్రేషన్ ఎవరు చేయిస్తారు? అంగన్‌వాడీ ఉంది, షాపుకి నలభై అడుగులు కూడా లేదు. బడి అంటే గుర్తింపు ఉన్న ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత పాఠశాల, లేదా కాలేజీ. మూడేళ్ల పిల్లలు కూర్చునే అంగన్‌వాడీ ఆ మాటల్లో లేదు. ప్రసూతి ఆసుపత్రి ఒకటి ఉంది, పన్నెండు మంచాలది. ప్రైవేటు ఆసుపత్రి అయితే కనీసం 30 పడకలు ఉండాలి. పన్నెండు మంచాల మీద పురుడు పోసుకునే తల్లులకు ఆ వంద మీటర్లు లేవు.

మిగిలింది మునిసిపల్ బడి. అదొక్కటే లెక్కలోకి వస్తుంది.

మర్నాడే అర్జీ రాశాను. సోమవారం నగరంపాలెం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రశీదు తెచ్చుకున్నాం. పది రోజులకి ఇద్దరు వచ్చి కొలిచారు. రోడ్డు వెంబడి కొలత చక్రం తోసుకుంటూ మలుపు తిరిగి వెళ్లారు. 112 మీటర్లు వచ్చింది, నిబంధన ప్రకారమే ఉంది అని కాగితం వచ్చింది. వాళ్లని నేను తప్పు పట్టను. కొత్తగా వచ్చినవాళ్లకి రోడ్డే కనపడుతుంది.

కానీ మా పిల్లలు రోడ్డు మీదుగా వెళ్లరు.

షాపుకీ బడికీ మధ్య సైడు కాలవ ఉంది, మూడడుగుల వెడల్పు. దాని మీద మాచర్ల నాపరాయి ఒకటి వేసి ఉంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఉంది. మధ్యలో అరిగి నున్నగా పళ్లెంలా అయిపోయింది. వానాకాలంలో ఆ గుంటలో నీళ్లు నిలిస్తే పిల్లలు ఎగిరి దాటుతారు. బండ్లు మాత్రం చుట్టూ తిరిగి వెళ్లాలి. నడిచేవాళ్లందరిదీ నాపరాయి దారే. బడి పిల్లలు, పాలకేంద్రానికి వెళ్లే ఆడవాళ్లు, తెల్లవారుజామున మిర్చి యార్డుకి పోయే హమాలీలు, అందరూ.

ఆదివారం పొద్దున్నే కొలిచాం. ఎదురింటి తాపీమేస్త్రీ తన టేపు తెచ్చాడు, 30 మీటర్లది. వంట చేసే ఆవిడ ముగ్గు డబ్బా తెచ్చింది. షాపు షట్టరు వెడల్పు కొలిచి సగానికి ముగ్గుతో గుర్తు పెట్టాం. అక్కడ సున్నా. మేస్త్రీ కొస పట్టుకుని నేల మీద కూర్చున్నాడు, నేను రెండో కొస పట్టుకుని నడిచాను. టేపు ఎక్కడా పైకి లేవకూడదని ఇద్దరు పిల్లలు మధ్యలో వేళ్లతో అదిమారు. ముప్పై అయ్యేసరికి ఆవిడ వంగి ముగ్గుతో అడ్డగీత వేసింది, చిన్న పువ్వు కూడా వేసింది, చెయ్యి అలవాటు. రెండో ముప్పై నాపరాయి దాటి అవతల తుమ్మ మొద్దు దగ్గర తెగింది. అక్కడినుంచి గేటు మధ్యకి 26. మొత్తం 86. నమ్మబుద్ధి కాక గేటు నుంచి వెనక్కి మళ్లీ కొలిచాను. 86 మీటర్ల 10 సెంటీమీటర్లు. ఆ పది సెంటీమీటర్లు కూడా అర్జీలో రాశాను. కొలిచినది కొలిచినట్టు రాయకపోతే మిగతాది కూడా ఎవరూ నమ్మరు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున చూస్తే కాలవ మీద నాపరాయి లేదు.

ఎవరు తీశారో మాకెవరికీ తెలియదు, ఇప్పటికీ తెలియదు కాబట్టి ఎవరి పేరూ చెప్పను. రాయి వేసి ఉన్న రెండు గట్ల మీదా నల్లటి బురద గుర్తులు మాత్రం ఉన్నాయి. ఆ రోజు బడి పిల్లలు చుట్టూ తిరిగి, షాపు ముందు ఆగి ఉన్న బండ్ల మధ్య నుంచి వెళ్లారు. మధ్యాహ్నం దాకా ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత డ్వాక్రా సంఘం వాళ్లు తలా వందేసుకుని రిక్షా మీద కొత్త రాయి తెప్పించారు. ఈసారి ఒకటి కాదు, రెండు, పక్కపక్కనే. మేస్త్రీ కూలి తీసుకోకుండా సిమెంటు పెట్టి బిగించాడు. రాయి పోయిన రోజు, వేసిన రోజు, ఎంతకు కొన్నారు, అన్నీ తేదీలతో రాసి, బడి హెడ్‌మాస్టరు గారి దగ్గర "పిల్లలు రోజూ ఈ దారినే వస్తారు" అని ఒక లేఖ తీసుకుని, ఇరవై ఏడు మంది సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి రెండో అర్జీ ఇచ్చాం.

ఆ సంతకాలు చేయిస్తున్నప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది.

మా నాన్న యార్డులో హమాలీ. బస్తాకింత అని కూలి. ప్యాకెట్ సారా రోజులవి. యార్డు గేటుకీ మా ఇంటికీ మధ్య సారా కొట్టు. కూలి డబ్బులు ఆ కొట్టు దాటి ఇంటికి ఎప్పుడు వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్మ గుడ్డ సంచి పట్టుకుని కొట్టుకి ఇవతల కరెంటు స్తంభం దగ్గర నిలబడేది, నాన్న లోపలికి వెళ్లకముందే బియ్యం డబ్బులు అడగడానికి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారన్న కబురు 1992లో మా పేట దాకా వచ్చింది. అక్కడ ముందు నడిచిన రోశమ్మ గారి పేరు మా అమ్మ నోట విన్నాను నేను, పేపర్లో చూడలేదు. మా అమ్మా పదిమందిని వెంటేసుకుని కొట్టు ముందు కూర్చుంది. సారా వేలం పాటలు జరగనివ్వం అన్నారు ఊరూరా. 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే షాపులు నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకి ఇచ్చింది. అమ్మ సంతకం నేర్చుకున్నది ఆ ఉద్యమం రోజుల్లోనే, రాత్రి బడిలో. పెద్ద పెద్ద అక్షరాలు, రెండు గీతలు పట్టేది.

ఇన్ని మారాయి కదా, మారనిది ఒకటుంది. షాపు ఎక్కడ పెట్టాలి అన్నది పేట వాళ్ల చేతికి ఎప్పుడూ రాలేదు. మద్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోది, ఎనిమిదో అంశం. లైసెన్సు ఇచ్చేది ఎక్సైజు శాఖ. కార్పొరేషన్ మన చెత్త ఎత్తుతుంది, ఇంటిపన్ను తీసుకుంటుంది, కొళాయి ఇస్తుంది, ఆ కాలవా దానిదే, ఆ బడీ దానిదే. కానీ బడి పక్కన బ్రాందీ షాపు వస్తుంటే వద్దు అనే అధికారం దానికి లేదు. మా కార్పొరేటరు దగ్గరికీ వెళ్లాం. ఆయన కూర్చోబెట్టి టీ ఇప్పించి, "నా చేతిలో ఏముంది బాబాయ్" అన్నాడు. నిజమే చెప్పాడు.

షాపు లైసెన్సు ఫీజు జనాభాను బట్టి. 2024 విధానంలో మొదటి ఏడాదికి, పదివేల లోపు ఊరికి 50 లక్షలు, ఐదు లక్షలు దాటిన గుంటూరు, విజయవాడ లాంటి చోట 85 లక్షలు. జనాభా లెక్క తీస్తే పేటలోని ప్రతి ప్రాణీ అందులోకి వస్తుంది. అంగన్‌వాడీ పిల్లలూ వస్తారు, పన్నెండు మంచాల ఆసుపత్రిలో పుట్టినవాళ్లూ వస్తారు. ఫీజు కట్టడానికి లెక్కలోకి వచ్చిన మనుషులు చోటు నిర్ణయించేటప్పుడు లెక్కలోకి రావాలి. నేను అడిగేది ఇంతే.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. మన రాష్ట్రాల్లోనే ఏజెన్సీ ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం మద్యం అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంటుంది. మహారాష్ట్రలో అయితే ఊరిలోనే కాదు, పట్నం వార్డులో కూడా, ఓటర్లలో 25 శాతం మంది అర్జీ పెడితే షాపు ఉండాలా వద్దా అని రహస్య ఓటింగు పెట్టే పద్ధతి ఉంది. ఆడవాళ్లు మాత్రమే అర్జీ పెట్టినా చాలు. ఓటు కాగితం మీద రెండు బొమ్మలు, నిలబడ్డ సీసా, పడిపోయిన సీసా. కావలసినన్ని ఓట్లు పడిపోయిన సీసాకి పడితే షాపు మూయాల్సిందే. చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యే బొమ్మలు. మా వంట ఆవిడకి ఈ సంగతి చెబితే చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "మనకి పెట్టరా అన్నయ్యా అది?" అని అడిగింది.

లా చదువుతున్న కుర్రాడొకడు హైవే తీర్పు చూడమన్నాడు. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదంది. తర్వాత 20 వేల లోపు జనాభా ఉన్న చోట 220 మీటర్లకు తగ్గించింది. 2017 జులైలో మునిసిపల్ పరిధిలోని షాపులకు ఆ తీర్పు అడ్డం కాదని చెప్పింది. గుంటూరు నడిబొడ్డున ఉన్న మాకు అందులో దొరికింది ఏమీ లేదు.

రెండోసారి కొలవడానికి డిసెంబరులో వచ్చారు. ఈసారి మేం అందరం అక్కడే ఉన్నాం. నేను నిబంధన కాగితం తెరిచి "మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారి" అన్న చోట వేలు పెట్టి చూపించాను. వచ్చినాయన చదివాడు, కాలవ దగ్గరికి వెళ్లి రాళ్ల మీద నిలబడి కాలితో తట్టి చూశాడు. సరిగ్గా అప్పుడే బడి ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలు ఆ రాళ్ల మీదుగానే జామకాయల బండి దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఆయన పక్కకి జరిగి దారిచ్చాడు. ఇంక మేం వాదించాల్సిన అవసరం రాలేదు. చక్రం రాళ్ల మీదుగా వెళ్లింది. సంక్రాంతి దాటాక షాపు మారింది.

అక్కడితో అయిపోయిందనుకుని నేను ఇది రాయడం లేదు.

మారింది ఎక్కడికి? అవతలి సందుకి. బడికి 140 మీటర్లు పైనే. అక్కడ గుడి లేదు, ముప్పై పడకల ఆసుపత్రి లేదు. ఉన్నవన్నీ ఇళ్లు, అదీ రెండేసి గదుల ఇళ్లు. 2025లో కూర్చుని తాగే పర్మిట్ రూములు మళ్లీ వచ్చాక దాని పక్కనే రేకులు వేసి కుర్చీలు కూడా వేశారు. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా. క్వార్టర్ 99 రూపాయలకు దొరుకుతుంది. మా అర్జీ వల్లే అది వాళ్ల ఇళ్ల ముందుకి వెళ్లింది. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు వేరేగా చెప్పుకుందామన్నా కుదరడం లేదు.

మొన్న ఆ సందు వాళ్లు వచ్చారు. ఏడుగురు. అందులో ఒకావిడకి డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఇల్లు షాపుకి సరిగ్గా ఎదురు. మనవరాలు ఇంటర్ చదువుతుంది, సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఆవిడ సందు మొదట్లో నిలబడి ఉంటుందట, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురావడానికి. "మీ సందోళ్లకి రాసిచ్చావంటగా నాయనా, మాక్కూడా రాసియ్యి" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రాయడానికి కూర్చున్నాను గానీ, ఏ నిబంధన కింద రాయాలి? వంద మీటర్లలో వాళ్లకి పనికొచ్చేది ఏదీ లేదు. 2026 సెప్టెంబరు 30తో ఈ లైసెన్సుల గడువు తీరుతుంది. తర్వాత వచ్చే విధానంలోనైనా షాపు పెట్టే ముందు ఆ వార్డు వాళ్లని అడగాలని, అంగన్‌వాడీని బడి కింద లెక్కించాలని, వార్డులో నాలుగో వంతు మంది కోరితే ఓటు పెట్టాలని రాశాను. అది ప్రభుత్వానికి. మరి ఈ ఏడుగురికి?

మేస్త్రీని కేకేసి టేపు తెమ్మన్నాను. వాళ్ల సందుకి వెళ్లి ఆ ముసలావిడ గుమ్మం మధ్య నుంచి షాపు ద్వారం మధ్య దాకా కొలిచాం. టేపులో సగం కూడా అవసరం పడలేదు. తర్వాత నాకు బాగా వచ్చిన పద్ధతిలోనే అర్జీలో రాశాను. దక్షిణం: మరొకరి ఇల్లు. ఉత్తరం: మునిసిపల్ కొళాయి. పడమర: అర్జీదారు వంటగది గోడ. తూర్పు: నడక సందు, దాని అవతల 7 మీటర్ల 20 సెంటీమీటర్లకు మద్యం షాపు. మిగతా ఆరిళ్లకీ అలాగే హద్దులు రాశాను.

వేలిముద్ర వేసే ముందు ఆవిడ, చదివి వినిపించమంది. వినిపించాను. తూర్పు దగ్గరికి వచ్చేసరికి ఆపి, "అది మళ్లీ చదువు" అంది.